కొత్త విశ్వాసి దేవునికి లోబడటం ఎలా మొదలుపెట్టాలి?

మీరు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కు వెళ్తున్నారు, ఈమధ్యే ప్రభువును నమ్ముకున్నారు. దేవుని మాట వింటే ఉన్న స్వేచ్ఛ పోతుందేమోనని లోపల భయం. ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇశ్రాయేలీయులను ఐగుప్తు నుంచి విడిపించాకే దేవుడు పది ఆజ్ఞలిచ్చాడు. విడుదల ముందు, విధేయత తర్వాత.

మొదట మత్తయి సువార్త 5 నుంచి 7 అధ్యాయాలు నిదానంగా చదవండి. అన్నీ ఒకేసారి పాటించాలని పూనుకోవద్దు. చదువుతుండగా మనసుకు గుచ్చుకున్న ఒక్క మాట రాసుకోండి. చాలాసార్లు మనం తప్పించుకు తిరుగుతున్నది దాన్నుంచే.

తర్వాత ఆ మాటను ఇవాళ్టి పనిగా మార్చండి. ఉదాహరణకు, 5:37 మాటలో నిజాయితీ గురించి. రెజ్యూమేలో లేని అనుభవం పెట్టుంటే ఈ రాత్రే తీసేయండి. ఇంటర్వ్యూ పిలుపులు తగ్గొచ్చు. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనగానే గుండె దడదడలాడదు, ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. రూమ్‌మేట్‌తో మాటల్లేకపోతే 5:23, 24 చూడండి. ఆదివారం ఆరాధనకు వెళ్లేలోపే పలకరించండి.

నష్టం వస్తుంది, దానికి సిద్ధపడండి. ఒంగోలు ప్రాంతపు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయన సాక్ష్యం విని నమ్మినవాళ్లకు మిషనరీ జాన్ క్లౌ చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని వద్దు, చచ్చిన పశువు మాంసం వద్దు, విగ్రహారాధన వద్దు. ఊరి పెద్దలు కక్షగట్టారు. అయినా పిలిస్తే పరుగెత్తాల్సిన వెట్టిమనిషి, వారంలో ఒక రోజు దేవుడిదని దొర ముందు నిలబడి చెప్పగలిగాడు. నాకు తెలిసి స్వేచ్ఛకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగే మన పిల్లల్లో వాళ్ల వంశస్థులూ ఉండే ఉంటారు. కాబట్టి ఆదివారం మాక్ టెస్ట్ ఉంటే, వేరే రోజు రాస్తామని అడగడానికి జంకొద్దు.

ఒక్క జాగ్రత్త. దేవుడు చెప్పాడంటూ ఎవరో అడిగిన ప్రతిదానికీ తలూపడం విధేయత కాదు. బెరయవారు పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొ. కార్యములు 17:11). పెళ్లి, ఉద్యోగం, కానుకల విషయంలో ఎవరైనా ఒత్తిడి తెస్తే గడువు అడగండి, వాక్యం చూడండి, సంఘంలో నమ్మకమైన పెద్దలు ఇద్దరితో మాట్లాడండి.

తప్పిపోతే 1 యోహాను 1:9 చదివి, ఒప్పుకొని, రాసుకున్న ఆ మాటతోనే మళ్లీ మొదలుపెట్టండి. అది అలవాటయ్యాక రెండోది ఎంచుకోండి.