పోటీ పరీక్షల ప్రత్యేకం: శంషాబాదు నుండి షికాగోకు

పోటీ పరీక్షలకు సిద్ధమగు విద్యార్థి యెఱుఁగవలసిన విషయ మొకటి గలదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుండి షికాగోకు నడుమ నెచ్చటను ఆగని విమాన సర్వీసును ప్రారంభించెను. హైదరాబాదులోని శంషాబాదు, షికాగోలోని ఓహేర్ విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి గోళాకార మగుటచే, సమతల పటముపై గీచిన సరళరేఖ గాక, ఉత్తర ధ్రువ ప్రాంతమునకు చేరువగా సాగు మహావృత్త మార్గమే యత్యల్ప దూర మగును. గంటకు సగటున 850 కిలోమీటర్ల వేగమున ప్రయాణకాలము దాదాపు 16 గంటలు; వాయుగతి ననుసరించి యది హెచ్చుతగ్గు లగుచుండును.

షికాగో గడియారము మనకంటె శీతకాలమున 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనుకబడియుండును గావున, అచ్చట దిగు స్థానిక వేళను కనుగొనుటకు బయలుదేరిన వేళకు ప్రయాణకాలమును కలిపి, యీ యంతరమును తీసివేయవలెను. శీతకాలమున మధ్యాహ్నము 12 గంటలకు బయలుదేరి 16 గంటలు పయనించినవాఁడు షికాగోలో దిగునది ఆనాఁటి సాయంత్రము 4:30 గంటలకే.