వాచీ కొనేముందు

ధవళేశ్వరం

చి॥ల॥సౌ॥ అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

అల్లుడుగారు కువైట్ నుంచి బుడ్డోడికి జీపీఎస్ వాచీ పంపిస్తానంటున్నారనీ, పెద్దమ్మాయి ఇంటర్‌కి రాజమండ్రి హాస్టల్లో చేరగానే దాని ఫోనులోనూ లొకేషన్ పెట్టించమంటున్నారనీ చెప్పావు. వద్దంటే ఆయన ఏమనుకుంటారో, సరేనంటే పిల్ల ఏమంటుందో అని నీ బెంగ. ఫోనులో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల వాడికి వాచీ కొనండి. అంత దూరాన ఉద్యోగం చేసుకునే తండ్రి, ట్యూషన్ వదిలాక కొడుకు ఇంటికి చేరాడో లేదో చూసుకోవాలనుకుంటే తప్పేముంది? కాకపోతే అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిసి కొనాలి.

వాచీ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తనెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. జీపీఎస్ పని అంతవరకే. ఆ లెక్క కువైట్ చేరాలంటే వాచీలో సిమ్ ఉండాలి, దానికి సిగ్నలూ నెట్టూ ఉండాలి. స్లాబ్ కింద కూర్చున్నప్పుడు ఉపగ్రహాలు సరిగా అందవు. అప్పుడు సెల్ టవర్‌ని బట్టి అంచనా వేసి, ట్యూషన్లో ఉన్నవాణ్ణి ఎక్కడో పొలాల మధ్య చూపిస్తుంది. అది చూసి అక్కడ ఆయన కంగారు పడతారు, ఇక్కడ నిన్ను కంగారు పెడతారు. ఈ మాట ఆయనకి ముందే చెప్పు. షాపువాడు ఎయిర్‌ట్యాగ్ అని చిన్న బిళ్ల చూపిస్తే మాత్రం తీసుకోకు. అందులో జీపీఎస్సూ లేదు, సిమ్మూ లేదు. దగ్గర్లో ఎవరి జేబులోనైనా ఆపిల్ ఫోను ఉంటేనే దాని జాడ పైకి చేరుతుంది. వస్తువుల కోసం చేశాం, మనుషుల కోసం కాదని ఆపిల్ వాళ్లే చెప్పారు. మన లంక దారుల్లో దీపాలు పెట్టే వేళకి ఎన్ని ఐఫోన్లు తిరుగుతాయో నీకే తెలుసు.

2022 మే 24 గుర్తుందిగా? కోనసీమ జిల్లా పేరు మార్పు గొడవ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టేదాకా పోయింది. వెంటనే కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు, రోజుల తరబడి. ఇంటి దగ్గర్నుంచి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ ల్యాప్‌టాపులు పట్టుకుని గోదావరి ఒడ్డుకి పోయారు. పిల్లలెక్కడున్నారో తెలియాల్సిన రోజులే అవి, వాచీ నోరు మూసుకునే రోజులూ అవే. 2027 పుష్కరాలకి వాణ్ణి తీసుకొస్తావు కదా, 2015 పుష్కరాల తొలిరోజే మన రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది పోయారు. అంత జనంలో నెట్‌వర్క్‌ని నమ్ముకోకు. చొక్కా జేబులో నంబరు రాసిన చీటీ పెట్టు, తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చూపించు.

ఎత్తుకుపోతారన్న భయం ఉందన్నావు. మండపేటలో 2019 జులైలో నాలుగేళ్ల బాబుని ఎత్తుకుపోయినప్పుడు మనమెవ్వరం నిద్రపోలేదు. పోలీసులు ఊళ్లు గాలించారు, ఆ ఫొటో ప్రతి ఫోనులోనూ తిరిగింది. చివరికి ఎత్తుకుపోయినవాళ్లే కుతుకులూరు దగ్గర ఇటుక బట్టీ వద్ద బాబుని వదిలిపోయారు. అలాంటివాళ్లు చేతికున్న వాచీని ముందే తీసి పారేస్తారు తల్లీ. వాచీ ఉపయోగపడేది దారి తప్పిన పిల్లాడికీ, ఆలస్యమైన పిల్లాడికీ.

నన్ను ఎక్కువ భయపెట్టేది నీళ్లు. లాకుల దగ్గర ఉద్యోగం చేసినవాణ్ణి, చూడకూడనివి చూశాను. మన దగ్గర సగం రోడ్లు కాలవ గట్లే. ఆరుబయట కూడా జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా మామూలు. గట్టు మీద నడిచే పిల్లాడికీ, రేవులోకి దిగిన పిల్లాడికీ మధ్య అంత దూరం కూడా ఉండదు. ఫోనులో రెండూ ఒకే చోటు. పైగా వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున ఎక్కడపడితే అక్కడ మట్టి తవ్వుకుపోతారు. ఎండిన కాలవలో క్రికెట్ ఆడిన కుర్రాళ్లే జూన్‌లో నీరు వదలగానే అక్కడే దూకుతారు. నిరుడు మొలలోతున్న రేవు ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు, పైకి తెలియదు. లాకు తలుపుల దగ్గర నీరు నిలకడగా కనిపిస్తూనే అడుగున లాగుతుంది. వాచీకి పెట్టే డబ్బు పెట్టండి, దాంతోపాటు వాడికి ఈత నేర్పించండి. వచ్చే వేసవిలో నా దగ్గరికి పంపు, నేర్పించే బాధ్యత నాది.

కొనేటప్పుడు పేరూ ఊరూ లేని కంపెనీది కొనకు. 2017లో నార్వే వినియోగదారుల మండలి పిల్లల వాచీలు పరీక్షించి చూస్తే, వాటిలో కొన్నింట్లోకి బయటివాళ్లు దూరి పిల్లాడెక్కడున్నాడో చూసే వీలుందని తేలింది. అదే ఏడాది జర్మనీ, పిల్లాడి చుట్టూ జరిగే మాటలు రహస్యంగా వినిపించే వాచీలను నిషేధించింది. టీచరు పాఠం దొంగతనంగా వినే తల్లిదండ్రులు అక్కడా ఉన్నారన్నమాట! నువ్వు పాస్‌వర్డ్ మార్చు, వినే సదుపాయం ఉంటే ఆపెయ్యి. వాడెక్కడున్నాడో చూపించే మ్యాప్ ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకు.

ఇక పెద్దమ్మాయి. పదహారేళ్ల పిల్ల ఫోనులో దానికి తెలియకుండా ఏదీ పెట్టించవద్దు. ఈ ఒక్కటీ గట్టిగా చెబుతున్నాను, అల్లుడుగారికి కష్టంగా ఉన్నా సరే. తెలిసిన రోజున అది ఫోను హాస్టల్లో పెట్టి బయటికి వెళ్లడం నేర్చుకుంటుంది. అప్పుడు మీరు చూసేది ఫోను ఉన్న చోటు. నిజంగా ఆపద వచ్చిన పూట దాని చేతిలో ఫోనే ఉండదు.

2020 ఫిబ్రవరిలో దిశ యాప్ మొదలైంది మన రాజమండ్రిలోనే, తొలి దిశ పోలీస్ స్టేషన్‌తోపాటు. అందులో నాకు నచ్చింది ఒకటే. ఆపదలో ఆడపిల్ల ఫోను ఊపితే అప్పుడు తనున్న చోటు పోలీసులకి చేరేది. మీట ఆ పిల్ల చేతిలో ఉండేది. 2025 మార్చి నుంచి దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది. పెద్దమ్మాయి ఫోనులో అది వేయించు, పక్కన కూర్చుని ఎలా వాడాలో చూపించు, అత్యవసర నంబరు 112 కూడా చెప్పు. రాత్రి బస్సులో వచ్చేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకో, ఎనిమిది గంటలకో తనే పంపుతుంది, గడువు కాగానే దానంతటదే ఆగిపోతుంది. ఇంటికి చేరేదాకా మీరు చూసుకోండి, అది చాలు.

ఆయన అంతకీ ఒప్పుకోక రోజంతా కనబడాలంటే, పిల్లని కూర్చోబెట్టి ముగ్గురూ మాట్లాడుకోండి. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, చూసి ఏం అడగొచ్చు అన్నది తేల్చుకోండి. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా 18 నిండనివాళ్ల వివరాలకి అమ్మానాన్నల అనుమతి ఉండాలంటుంది కాబట్టి ఇప్పుడు మాట మీదే. 18వ పుట్టినరోజున తీసేస్తామని ఇప్పుడే చెప్పండి, ఆ రోజున దాని చేతే తీయించండి.

మీ బాబాయి