వర్ణము - ముద్రణము : గ్రంథ పరిష్కర్త దృష్టిలో అచ్చు పద్ధతులు, సిరా రంగులు

‘వర్ణ’ శబ్దానికి అమరకోశ నానార్థవర్గంలో పెక్కు అర్థాలు చెప్పబడినవి. వాటిలో రంగు ఒకటి, అక్షరం మరొకటి. ఈ రెండర్థాలూ ఒకే చోట కలిసేది ముద్రణాలయంలో. అక్కడ సిరా కాగితానికి అంటిన తీరునుబట్టే అక్షరం నిలుస్తుంది, మారుతుంది, లేదా మాయమవుతుంది. తాళపత్ర ప్రతుల విషయంలో లేఖకుని అలవాట్లను, లిపిభేదాలను ఎంతో శ్రద్ధతో విచారించే పరిష్కర్తలు అచ్చుప్రతుల విషయంలో తరచు ఆ శ్రద్ధ చూపరు. అచ్చయిన ప్రతులన్నీ ఏకరూపంగా ఉంటాయనే నమ్మకమే దీనికి కారణం. ఈ నమ్మకం ఎంతవరకు సమంజసమో ముద్రణ విధానాల ఆధారంగా విచారించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. ముద్రణ విధానాలు

సిరా నిలిచే తలాన్నిబట్టి ముద్రణను ప్రధానంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు. ఉబ్బెత్తుగా ఉన్న అక్షరానికి సిరా పూసి కాగితంపై ఒత్తడం మొదటిది. సీసపు అక్షరాల లెటర్‌ప్రెస్ ఇట్టిది. రెండవది సమతల ముద్రణ. నూనె, నీరు ఒకదానితో ఒకటి కలియవన్న సూత్రం దీనికి మూలం. బవేరియాలో 1796లో సెనెఫెల్డర్ కనిపెట్టిన శిలాముద్రణ ఈ వర్గంలోనిది. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ కాగితపు ముద్రణకు అన్వయించిన ఆఫ్‌సెట్ పద్ధతి దానినుండి పెరిగినదే. ఇందులో ప్లేటుపైని సిరా మొదట రబ్బరు దుప్పటిపైకి, అక్కడినుండి కాగితంపైకి చేరుతుంది. మూడవది నిమ్నతల ముద్రణ. గ్రావ్యూర్‌లో సిరా స్థూపంపైని సన్నని గుంటలలో నిలుస్తుంది. లక్షల ప్రతులు కావలసిన పొట్లాల పనికి ఇది అనుకూలం. నాలుగవది జల్లెడ వంటి గుడ్డగుండా సిరాను దింపే స్క్రీన్ ముద్రణ. శుభలేఖల అచ్చుకు ఇది చిరపరిచితం.

ఏ పుస్తకం ఏ పద్ధతిలో అచ్చయినదో భూతద్దంతో గుర్తింపవచ్చు. లెటర్‌ప్రెస్‌లో అక్షరం అంచున సిరా కొద్దిగా పోగై చిక్కని గీతవలె కనబడుతుంది, పుట వెనుక ఒత్తిడి వేలికి తగులుతుంది. ఆఫ్‌సెట్‌లో సిరా సమంగా పరచుకొంటుంది, ఒత్తిడి ఉండదు. గ్రావ్యూర్‌లో అక్షరాల అంచులు రంపపు పళ్లవలె ఉంటాయి.

2. సీసపు అక్షరాలు - తెలుగు లిపి

తెలుగు గ్రంథ ముద్రణ 1740ల దశకంలో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ ప్రయత్నంతో ఆరంభమైనది. తరువాత శ్రీరాంపురంలో 1814లో కేరీ వ్యాకరణం, మద్రాసులో 1816లో క్యాంబెల్ వ్యాకరణం, 1852లో బ్రౌను నిఘంటువు వెలువడినవి. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దాలవరకు తెలుగు గ్రంథాలలో అధికభాగం సీసపు అక్షరాలతోనే అచ్చయినవి. కాబట్టి ఈ పద్ధతికి సహజమైన దోషాలు మన సాహిత్య పాఠాలలో ప్రవేశించడానికి అవకాశం మెండు.

తెలుగు లిపిలో అర్థభేదాన్ని మోసే అంశాలు చాలా చిన్నవి. ర, ఠలకు ముఖ్యభేదం లోపలి చుక్క. ధ, థలకూ అంతే. ద, ధలను, డ, ఢలను వేరుచేసేది ఒక చిన్న గీత. అరసున్న మరీ సున్నితమైనది. అచ్చు సాగుతుండగా ఒక చుక్క అరిగిపోతే ‘కథ’లోని థకారం ధకారంగా కనబడుతుంది. సిరా ఎక్కువైతే అక్షరం కడుపు పూడిపోయి చుక్క ఉన్నదో లేదో తెలియదు. ఒత్తు విరిగితే సంయుక్తాక్షరం ద్విత్వం కోల్పోతుంది.

ఇక్కడ ముఖ్యంగా గమనింపవలసినది ఒకటున్నది. అక్షరం అచ్చు మధ్యలో విరిగితే, అంతకుముందు అచ్చయిన కాగితాలలో అది సరిగానే ఉంటుంది, తరువాతివాటిలో మాత్రమే లోపిస్తుంది. అందువల్ల ఒకే ముద్రణకు చెందిన రెండు ప్రతులలో ఒకే పుట భిన్నంగా ఉండవచ్చు. అట్టి భేదాన్ని పాఠాంతరంగా అధోజ్ఞాపికలో ఎక్కించడం కవికి గాని, లేఖకునికి గాని సంబంధం లేని దానిని వారికి అంటగట్టడమే అవుతుంది.

3. ఛాయాముద్రణలో పునర్ముద్రణ

అపురూపమైన పాత గ్రంథాలను తిరిగి కూర్చే శ్రమలేకుండా పుటలను ఛాయాచిత్రాలుగా తీసి ఆఫ్‌సెట్‌లో ముద్రించడం మేలైన ఉపాయమే. కొత్త కూర్పులో చేరే తప్పులు ఇందులో చేరవు. అయితే దీనికి తనదైన ప్రమాదం ఉన్నది. అక్షరాలకోసం వాడే లైను ఫిల్ములో నలుపు, తెలుపు తప్ప మధ్యచ్ఛాయ ఉండదు. ప్రతి బిందువూ ఏదో ఒక పక్షానికి చేరవలసినదే. వెలుగు ఎక్కువైతే సన్నని గీతలు రాలిపోతాయి. తక్కువైతే కాగితంపైని మరకలు సిరా చుక్కలవుతాయి. ధకారం కడుపులో పడిన మరక పునర్ముద్రణలో థకారమై కూర్చుంటుంది. మూలంలో అది మరక అని గోధుమరంగు చెప్పుతుంది, ప్రతిబింబంలో ఆ సాక్ష్యం నశిస్తుంది. కంప్యూటరు స్కానింగులో రెండు స్థాయిల పద్ధతిని ఎంచుకొన్నా ఇదే జరుగుతుంది.

4. నాలుగు సిరాల వ్యవస్థ

రంగుల ముద్రణ తత్త్వాన్ని తెలిసికొనడానికి వెలుగుకు, సిరాకు గల భేదం గ్రహించాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిస్తే తెలుపు వస్తుంది. కంప్యూటరు తెర ఈ విధంగా పనిచేస్తుంది. సిరా వెలుగును కలపదు, తీసివేస్తుంది. సయాన్ సిరా ఎరుపును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు సిరా నీలాన్ని హరిస్తాయి. ఈ మూడూ కలిస్తే సిద్ధాంతరీత్యా నలుపు రావాలి గాని, సిరాలు సంపూర్ణంగా శుద్ధమైనవి కానందున మురికి గోధుమరంగు వస్తుంది. అందుచేత నల్ల సిరా నాలుగవదిగా చేరినది. పద్ధెనిమిదవ శతాబ్ది ఆరంభంలో లె బ్లాన్ అనే చిత్రముద్రాపకుడు మూడు రంగుల ఫలకాలతో చేసిన ప్రయత్నం ఈ మార్గానికి ఆద్యం.

యంత్రం లేత సిరా, ముదురు సిరా అని వేరుగా వేయలేదు. ఛాయాభేదాన్ని చుక్కల పరిమాణంతో సాధిస్తుంది. ఒక్కొక్క రంగు చుక్కల వరుసలను ఒక్కొక్క కోణంలో పేరుస్తారు. సాధారణంగా నలుపు 45, మెజెంటా 75, సయాన్ 15, పసుపు 0 డిగ్రీలు. కోణాలు తప్పితే బొమ్మపై అలల వంటి అనవసరపు అల్లిక ఏర్పడుతుంది. వార్తాపత్రికల కాగితంపై అంగుళానికి సుమారు 85 వరుసలు, మంచి పత్రికలకు 133 నుండి 150 వరకు, ఆర్టు కాగితంపై 175 వరకు వాడుక. నాసి కాగితం సిరాను పీల్చినపుడు చుక్క ఉబ్బి బొమ్మ ముదురవుతుంది.

నాలుగు రంగులూ సరిగా ఒకదానిపై ఒకటి కూర్చోకపోతే అంచులు చెదరుతాయి. అందుచేత సన్నని అక్షరాలను నల్ల సిరాతోనే ముద్రించాలి. శ్లోకాన్ని ఎర్రగా చూపదలిస్తే మెజెంటా, పసుపులను కలుపుటకంటె ముందే కలిపిన ఎర్ర సిరాను ప్రత్యేకంగా వేయడం మేలు. అట్టి ప్రత్యేక సిరాలకు సంఖ్యలతో గుర్తింపు కల్పించిన పాంటోన్ పద్ధతి 1963లో వచ్చినది.

5. వ్రాతప్రతుల ప్రతిబింబాలు

ఈ పరిజ్ఞానం అత్యవసరమయ్యేది వ్రాతప్రతుల ప్రతిబింబ ముద్రణలో. ఉత్తరాది కాగితపు ప్రతులలో తప్పుపడిన అక్షరంపై హరితాళం పూసి కొట్టివేసే ఆచారం ఉన్నది. విషయవిభాగాలను, గద్యలను జేగురుతో లేదా ఎర్ర సిరాతో గుర్తించేవారు. లైను ఫిల్ము ఎరుపును గ్రహింపదు. అందుకే దానిని ఎర్రదీపం వెలుతురులో కడిగేవారు. అట్టి ఫిల్ముపై ఎర్ర అక్షరం నల్ల అక్షరంతో సమానమవుతుంది. జేగురు పూత నల్లని మరకై కిందియక్షరాన్ని మింగవచ్చు. ఇక హరితాళపు పసుపు కాగితంతో కలిసిపోతుంది. పూత చెదరి కింది అక్షరం బయటపడితే, లేఖకుడు తొలగించినది అతని అంగీకృత పాఠమై కనబడుతుంది. పూత గట్టిగా ఉంటే అది ఖాళీగా మిగిలి గ్రంథపాతమేమోనన్న భ్రాంతి కలిగిస్తుంది.

తాళపత్రాల సమస్య వేరు. ఘంటంతో గీచిన అక్షరానికి మసి పూస్తేనే నలుపు వస్తుంది. మసి పోయినచోట గీత నీడవలన మాత్రమే తెలుస్తుంది. అట్టి పత్రాన్ని ఏటవాలు వెలుతురులో చిత్రించి మధ్యచ్ఛాయలతో ముద్రిస్తే చదువదగిన అక్షరం, నలుపు తెలుపుల పద్ధతిలో కేవలం శూన్యమవుతుంది.

6. పాటింపదగిన నియమాలు

పై విచారణనుబట్టి కొన్ని నియమాలు ఏర్పడుతున్నవి. అచ్చుప్రతిని ఆధారంగా గ్రహించినపుడు వీలైనంతవరకు ఒకే ముద్రణకు చెందిన రెండు మూడు ప్రతులను పోల్చాలి. చుక్క, గీత, ఒత్తు, అరసున్నలకు మాత్రమే సంబంధించిన భేదాలను భూతద్దంతో పరీక్షించిన పిమ్మటనే పాఠాంతరాలుగా లెక్కింపాలి. పునర్ముద్రణ ఛాయాముద్రణమైతే దానిని స్వతంత్ర సాక్షిగా పరిగణింపరాదు, మూలముద్రణను చూడాలి. వ్రాతప్రతిని చిత్రించేటపుడు పక్కన వర్ణఫలకాన్ని, కొలబద్దను ఉంచాలి. నాలుగు రంగులకు ధనం చాలకపోతే, రంగు గుర్తులున్న పత్రాలనైనా రంగులలో ముద్రించి తక్కినవాటిని మధ్యచ్ఛాయలతో ఇవ్వవచ్చు. అది కూడా సాధ్యంకాని పక్షంలో ఏ పత్రంలో, ఏ పంక్తిలో, ఏ రంగు గుర్తు ఉన్నదో పట్టికగా చేర్చాలి.

పీఠికలో లేఖకుని పేరు, ప్రతి కాలం, పత్రాల సంఖ్య చెప్పడం మన పరిష్కర్తల సత్సంప్రదాయం. ముద్రణ విధానాన్ని, ప్రతిబింబం తీసిన తీరును తెలిపే రెండు వాక్యాలను దానికి చేర్చితే తరువాతి పరిశోధకుడు కవి పాఠాన్ని, లేఖకుని దోషాన్ని, యంత్రం చేసిన మార్పును వేరువేరుగా గుర్తింపగలుగుతాడు. ఆధారప్రతులు ఏటేటా శిథిలమవుతున్నవి. అవి పూర్తిగా నశించిన పిమ్మట ప్రతిబింబమే మూలమవుతుంది. అందులో పడని గుర్తును తిరిగి పొందే మార్గం లేదు.