శాలువా కప్పిన మరునాడు



మొజంజాహీ మార్కెట్టు దాటి బేగంబజారులో అడుగు పెట్టినవారికి కొన్ని పాత దుకాణాలలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. గల్లాపెట్టె పక్కన ఒక ముసలి సేఠు కూర్చొని ఉంటాడు. బేరాలు కొడుకులు చూస్తారు, కంప్యూటరు మనవడు చూస్తాడు. ఆయన చేసే పని పెద్దగా ఏమీ ఉండదు. గుప్పెడు కందిపప్పు అరచేతిలోకి తీసుకొని చూస్తాడు. పాత ఖాతాదారు వస్తే పేరు పెట్టి పలకరించి టీ తెప్పిస్తాడు. అయినా ఆయన రాని రోజున "పెద్దాయన ఏరీ?" అని నలుగురైనా అడుగుతారు.

ఆ బజారుకు నడిచిపోయేంత దూరంలోనే అబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయం ఉన్నది, నాంపల్లి రైల్వే స్టేషను ఉన్నది, ఇంకా ఎన్నో ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. అక్కడి ఉద్యోగికి నెలాఖరున పూలదండ వేస్తారు, శాలువా కప్పుతారు, గ్రూపు ఫోటో తీస్తారు. నలుగురు కంటతడి పెడతారు. మరునాడు ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. వారం గడిస్తే "ఆయన ఏరీ?" అని అడిగేవారు ఉండరు. అది ఎవరి తప్పూ కాదు, కార్యాలయం నడిచే తీరే అంత.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ముప్పై అయిదేళ్ళు తపాలా శాఖలో పనిచేసిన ఒక పెద్దమనిషిని ఊహించుకోండి. మొదటి నెల పండుగలా గడుస్తుంది. ఆలస్యంగా లేవడం, వేళాంకణికి యాత్ర, బంధువుల ఇళ్ళకు పోవడం. మూడవ నెల వచ్చేసరికి ఉదయం తొమ్మిది గంటలకు చొక్కా వేసుకొని వరండాలో నిలబడతాడు. వెళ్ళవలసిన చోటు లేదు. దినపత్రిక రెండుసార్లు చదివి వంటింట్లోకి వస్తాడు. "పప్పు ఇంతసేపు ఉడకాలా? గ్యాసు దండుగ కాదా?" అంటాడు. ఇంటావిడ గరిటె పక్కన పెట్టి, "ఏమండీ, ఇన్నాళ్ళు నా వంట నేనే చేసుకున్నాను. ఇప్పుడు మీరు సూపర్‌వైజరుగా వచ్చారా?" అంటుంది. నవ్వుకొనే మాటే గాని, ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమెకు శాలువా ఎవరూ కప్పలేదు, పదవీ విరమణ తేదీ కూడా లేదు. ఈ సంగతి మన కుటుంబాలలో పురుషులు చాలామంది గమనించరు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ ఆచ్లీ 1970లలోనే ఈ దశలను వివరించాడు. మొదట సంబరం, తరువాత నిరాశ, ఆ పిమ్మట మెల్లగా సర్దుకొనడం. అందరికీ ఇదే వరుసలో జరుగుతుందని కాదు. అయితే మూడవ నెల దిగులు వచ్చినవాడు, తనకేదో వింత జరిగిందని సిగ్గుపడనక్కరలేదు.

సిద్ధం కావడానికి సమయమే దొరకనివారి సంగతి మన రాష్ట్రం చూసింది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. అప్పటికే 55 దాటినవారు వేలాదిమంది ఆ నెలాఖరుకే ఇంటిదారి పట్టారు. ఇంకా మూడేళ్ళు ఉన్నాయి, ఈలోగా అమ్మాయి పెళ్ళి చేద్దామనుకున్నవాని పరిస్థితి ఊహించుకోవచ్చు. తరువాత వయస్సును మళ్ళీ 58 చేశారు. తెలంగాణలో అది 2021లో 61 అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 అయింది. అంకె మారుతూనే ఉన్నది. శాలువా మరునాటి ఉదయం మాత్రం అప్పటిలాగే ఉన్నది.

శ్రీసభలోనూ ఈ నియమం ఉన్నది. పీఠాధిపతులు 75 ఏళ్ళు నిండగానే రాజీనామా సమర్పించాలి. 2013లో 16వ బెనెడిక్టు జగద్గురువులు తమ 85 ఏళ్ళ వయస్సులో, శక్తి చాలడం లేదని స్వయంగా చెప్పి పదవిని విడిచారు. ఆపై దాదాపు పదేళ్ళు ప్రార్థనలో గడిపారు.

బేగంబజారు సేఠు దగ్గర నేర్చుకొనవలసినది ఒకటున్నది. ఆయన ఒక్క రోజులో దిగిపోలేదు. మొదట ఊళ్ళు తిరగడం మానాడు, తరువాత లెక్కలు కొడుకులకు అప్పగించాడు, ఆ తరువాత ఉదయం పూట మాత్రమే రాసాగాడు. పని తగ్గింది గాని ఆయన కోసం ఎదురుచూడడం తగ్గలేదు. అలాగని సేఠులందరినీ పొగడనక్కరలేదు. తాళంచెవులు మొలకు కట్టుకొని, యాభై ఏళ్ళ కొడుకును ఇంకా కుర్రవాడిలా నిలబెట్టేవారూ ఉంటారు. ఎదురుచూడడం వేరు, భరించడం వేరు.

ఉద్యోగికి అంగడి లేదు. కనుక తన కోసం ఎదురుచూసే చోటును, వీలైతే పదవీ విరమణకు ఏడాది ముందే, తానే వెదకుకోవాలి. ఉన్నదల్లా కాలక్షేపమే అయితే అది నిలువదు. టీవీ మనకోసం ఎదురుచూడదు. మంగళవారం పది గంటలకు మీరు రాకపోతే ఎవరికి ఇబ్బంది కలుగుతుంది? ఈ ప్రశ్నకు ఒక్క పేరైనా జవాబుగా ఉండాలి.

తపాలా ఉద్యోగికి చేతనైనది ఫారాలు నింపడం. బ్యాంకులో, ఆసుపత్రిలో, పింఛను కార్యాలయంలో కాగితం చేతబట్టుకొని బిక్కమొగం వేసేవారు ప్రతి విచారణలోనూ ఉంటారు. పునీత విన్సెంట్ డి పాల్ సభను 1833లో పారిస్‌లో ప్రారంభించిన ఫ్రెడరిక్ ఓజానాముకు అప్పుడు ఇరవై ఏళ్ళు. వారు మొదలుపెట్టినది బీదల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి పలకరించడం. దానికి ఇరవై ఏళ్ళ కాళ్ళు ఎంత పనికివస్తాయో, అరవై ఏళ్ళ ఓపిక అంతకంటె ఎక్కువ పనికివస్తుంది. ఒక్క మనవి. విచారణ సంఘంలో చేరిన మొదటి వారమే రిజిస్టర్లు తనిఖీ చేసి పదిమందికి మెమోలిచ్చినట్లు మాట్లాడకండి. అక్కడ మీరు కొత్తగా చేరిన చిన్న ఉద్యోగి.

దిగులు అన్ని వేళలా పనితో పోదు. నిద్ర పట్టక, అన్నం సహించక, ఎవరినీ చూడాలనిపించక రెండు వారాలకు మించితే వైద్యునికి చూపించాలి. "జపమాల చెప్పుకో, అదే పోతుంది" అని ఇంట్లోవారు తేలికగా కొట్టివేయరాదు. జపమాలా చెప్పుకోవచ్చు, మందూ వేసుకోవచ్చు. "ఇక బ్రతికి ఏం లాభం" అనే మాట నోట వస్తే అదే రోజు తీసుకొనిపోవాలి.

పిల్లలకూ ఒక మాట. గ్రాట్యుటీ వచ్చిన వారమే ఫ్లాటుకు అడ్వాన్సు అడగకండి. నాన్నగారిని మనవడి స్కూలు బస్సు దగ్గరకు పంపేముందు "వీలవుతుందా?" అని అడగండి. అడగకుండా అప్పగించిన పని, అది ఎంత ప్రేమతో చేసినదైనా, కొన్నాళ్ళకు వెట్టిగా తోస్తుంది.

నవంబరు మనకు మృతులను స్మరించే మాసం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు మాత్రం బ్రతికే ఉన్నామని రుజువు చేసుకొనే మాసం, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కనుక. 2014 నుండి దీనిని వేలిముద్రతో ఇంటినుండే పంపే వీలు వచ్చింది గాని, వేలిముద్రలు అరిగిపోయిన ముసలివారికి అది ఒక పట్టాన పడదు. మీ విచారణలో అటువంటి వితంతువులు, మంచం పట్టినవారు ఎవరున్నారో గురువులను అడిగి, పేర్లు, వీధులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. అక్టోబరులోనే ఒకసారి వారి ఇంటికి వెళ్ళి, "అమ్మా, ఫలానా రోజు పది గంటలకు వస్తాను, పింఛను పుస్తకం, ఆధార్ కార్డు తీసిపెట్టండి" అని చెప్పి రండి.