ఎలక్ట్రానిక్స్ కావాలంటే ఏ దళంలో చేరాలి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు ఇళ్లలో ఇంటర్ పాసైన పిల్లలకు ఫౌజు మీద మోజు ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ పనే జీవితం కావాలనుకునేవాళ్లు ఏ దళమా అని తేల్చుకునే ముందు, అక్కడ ఏ ట్రేడు దొరుకుతుందో చూడాలి.

నేనైతే ముందు ఎయిర్‌ఫోర్స్ అంటాను. రాడార్లు, రేడియో సెట్లు, విమానంలోని ఏవియానిక్స్ అక్కడ రోజూ చేసే పని. నేవీలో ఎలక్ట్రికల్ శాఖకు జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురాలో శిక్షణ ఇస్తారు. పని గొప్పదే, కానీ వారాల తరబడి సముద్రం మీద ఉండాలి. ఆర్మీ విషయానికొస్తే, మన నర్మదా ఎక్స్‌ప్రెస్ దారిలోనే జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ కేంద్రం, భోపాల్‌లో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) కేంద్రం ఉన్నాయి. సిగ్నల్స్ వాళ్లు సమాచార లింకులు వేసి నడుపుతారు. ఈఎంఈ వాళ్లు పాడైన పరికరాన్ని విప్పి బాగుచేస్తారు. రిపేరు మీద ఇష్టం ఉన్నవాడికి ఈఎంఈని మించింది లేదు. అయితే ట్రేడు కేటాయింపు దళం అవసరాన్ని బట్టి జరుగుతుంది, కోరుకున్నదే వస్తుందన్న హామీ లేదు.

2022లో వచ్చిన సైనిక నియామక పథకం అగ్నిపథ్‌తో లెక్క మారిపోయింది. సేవ నాలుగేళ్లు, ఆ తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మంది. మిగతావాళ్లు సేవానిధి సుమారు 10 లక్షలు, దానిపై వడ్డీ తీసుకుని పెన్షన్ లేకుండా బయటికి వస్తారు. అందుకే పది కాగానే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేయమంటాను. మూడేళ్లలో పూర్తవుతుంది, వయోపరిమితి దాటకముందే దరఖాస్తు చేయవచ్చు. ఎయిర్‌ఫోర్స్ డిప్లొమా వాళ్లనూ తీసుకుంటుంది. బీటెక్ చేస్తే ఆఫీసరు దారి ఉంది. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష అఫ్‌క్యాట్ రాసి ఏరోనాటికల్ ఇంజనీర్ ఎలక్ట్రానిక్స్ శాఖకు పోటీపడవచ్చు.

నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చినా ఆ డిప్లొమా ఎక్కడికీ పోదు. ఇక్కడి రైల్వే సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్ మీటరు పట్టుకుని, సర్క్యూట్ డయాగ్రం చూస్తూ, ఏ రిలే దగ్గర వోల్టేజి ఆగిపోయిందో ఒక్కో టెర్మినల్ దగ్గర కొలిచి కనిపెడతాడు. ఫౌజులో నేర్చుకునేదీ ఆ పద్ధతే. ఆర్‌ఆర్‌బీ టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్ పోస్టుకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చాలు.

మరో మాట. ఆర్మీ భర్తీ సొంత రాష్ట్రాన్ని బట్టి జరుగుతుంది. నాన్నది శ్రీకాకుళమైనా చదువంతా ఇక్కడే సాగినవాళ్లు ఛత్తీస్‌గఢ్ నివాస పత్రం తీసుకుని రాయపూర్ భర్తీ కార్యాలయం పరిధిలో దరఖాస్తు చేయాలి. ర్యాలీ ప్రకటన వచ్చాక తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. ఆ పత్రం ఇప్పుడే తీయించుకోండి.