ఎండోస్కోపీ నార్మల్ అన్నాక

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. యాభై ఏళ్ల ఆవిడ రెండు నెలలుగా ముద్ద దిగడం లేదంటోంది, ఎండోస్కోపీలో ఏమీ కనబడలేదు, దిగులు వల్లేనని సైకియాట్రీకి పంపుదామంటున్నారు, నీకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు అని రాశావు. నువ్వు ఒప్పుకోకపోవడమే నాకు నచ్చింది. మనసు సంగతి చివర్న చూడొచ్చు. ముందు ఆవిడ గొంతు సంగతి పూర్తిగా చూడు.

ఎండోస్కోపీ చేసేది పుండు, గడ్డ, ఇరుకు ఉన్నాయేమో వెతకడం. మింగడంలో కష్టమైన పనంతా అన్నవాహికకు పైనే జరుగుతుంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, కొండనాలుక వైపు అంగిలి లేచి ముక్కుదారిని మూయాలి, స్వరపేటిక పైకి లేచి గాలిదారి మూసుకోవాలి, అన్నవాహిక నోరు తెరుచుకోవాలి. గొంతులో జరిగే భాగమంతా ఇంచుమించు ఒక్క సెకనులో అయిపోతుంది. దాదాపు 30 జతల కండరాలు, 5, 7, 9, 10, 12 కపాల నరాలు కలిసి చేసే పని అది. మత్తిచ్చి పడుకోబెట్టి గొట్టం వేస్తే ఆ సెకను మనకు దొరకదు.

అందుకని పరీక్షల కంటే ముందు ఆవిడ పక్కన కూర్చుని అడుగు. ఏది దిగడం లేదు? మొదట చపాతీ, తర్వాత అన్నం, ఆఖరికి జావ కూడా ఆగిపోతుంటే లోపల దారి ఇరుకవుతోందని అర్థం, క్యాన్సర్ లేదని తేలేదాకా వదలకూడదు. గట్టివీ నీళ్లూ మొదటి రోజు నుంచే రొమ్ము దగ్గర ఆగుతుంటే అన్నవాహిక కదలికలో లోపం, అప్పుడు ఆ కదలికను పరీక్షించే మానోమెట్రీ కావాలి. నీళ్లకే పొలమారుతుంటే, తాగింది ముక్కులోంచి వస్తుంటే నరాన్నో కండరాన్నో అనుమానించు. మనవాళ్లు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటారు, రోగం కింద లెక్కే వేయరు. కాబట్టి నువ్వు అడక్కపోతే చెప్పరు. భోజనానికి ఎంతసేపు పడుతోంది, నలుగురితో కలిసి తినడం మానేసిందా, బరువు తగ్గిందా అని కూడా అడుగు.

ఇంకో మాట తప్పకుండా అడగాలి: ఏ పూట? పొద్దుటి ఇడ్లీ దిగి, రాత్రి అన్నం దిగకపోతే, నమిలేకొద్దీ దవడ అలిసిపోతుంటే, మాట్లాడేకొద్దీ గొంతు ముక్కుతో పలుకుతుంటే, సాయంత్రానికి కనురెప్ప వాలుతుంటే అది మయస్థీనియా గ్రేవిస్ కావచ్చు. ఉదయం రౌండ్స్‌లో ఆవిడ బాగానే కనిపిస్తుంది. రాత్రి భోజనం వేళ వార్డుకు వెళ్లు. ఒక్కో ముద్దకు ఎన్నిసార్లు గుటక వేస్తోందో, తాగాక మాటలో నీళ్ల గరగర వినిపిస్తోందో చూడు. దగ్గు రాలేదు కదా అని ధైర్యపడకు. కొందరికి మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. అది తేల్చాలంటే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయాలి, లేదా ముక్కులోంచి సన్నటి స్కోపు పెట్టి తింటుండగా గొంతును చూడాలి. ఫీస్ అనే ఈ రెండో పద్ధతిని 1988లో సూజన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు ప్రకటించారు. మంచం దగ్గరే చేయొచ్చు, మత్తు అక్కర్లేదు. మీ ఈఎన్‌టీ వాళ్లను అడుగు.

ఇక నరాల, కండరాల పరీక్ష. రిక్విజిషన్ మీద ‘ఈఎంజీ, ఎన్‌సీఎస్’ అని మాత్రమే రాసి పంపితే కాళ్లూ చేతుల నరాలు చూసి నార్మల్ అని రాస్తారు. అది వాళ్ల తప్పు కాదు. సాయంత్రానికి మింగలేకపోతోంది, మయస్థీనియా అనుమానం, ముఖంలో, మెడలో రిపిటీటివ్ స్టిమ్యులేషన్ చేయండి అని విడమరిచి రాయి. నరానికి సెకనుకు 2, 3 సార్లు చొప్పున చిన్న షాక్ ఇచ్చినప్పుడు, కండరం జవాబు మొదటిసారికంటే నాలుగోసారికి 10 శాతం మించి పడిపోతే నరానికీ కండరానికీ మధ్య సంకేతం సరిగా అందడం లేదన్నమాట. గొంతుకే పరిమితమైన జబ్బులో చేతి కండరం మామూలుగానే ఉండొచ్చు, ముఖం చూడమనేది అందుకే. అదీ నార్మలైతే సింగిల్ ఫైబర్ ఈఎంజీ ఉంది. రక్తంలో ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు పంపు, అవి లేకపోతే మస్క్ యాంటీబాడీలు. మస్క్ రకం ముఖాన్నీ గొంతునీ ఎక్కువగా పట్టుకుంటుంది. నాలుక సన్నబడి, పురుగులు పాకినట్టు అదురుతుంటే మాత్రం దారి వేరు. అప్పుడు నాలుకలో సూది ఈఎంజీ చేయించాలి, మోటార్ న్యూరాన్ జబ్బు గురించి ఇంట్లోవాళ్లతో నెమ్మదిగా, తొందరపడకుండా మాట్లాడాలి. సూది నొప్పి పెడుతుందని రోగికి ముందే చెప్పు. చెప్పకుండా గుచ్చితే రెండో కండరం చూడనివ్వరు.

జబ్బు పేరు తేలడం ఎందుకంత ముఖ్యమంటావా? పక్షవాతం వచ్చినవాళ్లకు మనం చెప్పే మింగుడు వ్యాయామాలు, తల ఎత్తి పట్టుకోవడాలు మయస్థీనియా మనిషిని ఇంకా అలిసిపోయేలా చేస్తాయి. ఒకరికి మందైనది ఇంకొకరికి భారం. ఈ తేడా తెలియకుండా ‘స్వాలో థెరపీ’ అని కేస్ షీట్ మీద రాయకు.

పరీక్షలు వచ్చేదాకా తిండి ఆగదు కదా. నిటారుగా కూర్చోబెట్టమను. మనింట్లోలా చెంబెత్తి నోట్లో పోసుకోవడం పూర్తిగా మాన్పించు. మెడ వెనక్కి వాలితే నీళ్లు గాలిదారిలోకి జారడం తేలిక. చాలామందికి గడ్డం దించి మింగడం మేలు చేస్తుంది, కానీ స్కోపులో చూసి ఖాయం చేసుకో. పలచటి చారులో మెతుకులు తేలే అన్నం అన్నిటికంటే కష్టం, నీళ్లు ముందు జారిపోతాయి, మెతుకులు వెనకబడతాయి. మెత్తగా మెదిపిన పెరుగన్నం, చిక్కటి రాగిజావ నయం. అసలు భోజనం పొద్దున్నే, రాత్రికి కొద్దిగా. చిక్కటివే ఇస్తే నీళ్లు తాగడం తగ్గుతుంది, మూత్రం చూస్తూ ఉండు. రోజూ పళ్లూ నాలుకా శుభ్రం చేయించడం నర్సులకు వదిలేయకు. మురికి నోటి నుంచి జారిన లాలాజలమే న్యుమోనియా తెస్తుంది. ముక్కు గొట్టం వేయాల్సి వస్తే, అది కొన్నాళ్ల ఏర్పాటేనని ఆవిడ పిల్లలకు విడమరిచి చెప్పు. లేకపోతే ఆశ వదులుకుంటారు.

మయస్థీనియా అని తేలితే పిరిడోస్టిగ్మిన్ భోజనానికి అరగంట, ముప్పావుగంట ముందు పడాలి. మీ వార్డులో మాత్రలు భోజనం తర్వాత ఇచ్చే అలవాటుంటే మార్పించు. ఈ జబ్బులో థైమస్ గ్రంథినీ చూడాలి, అందుకు ఛాతీ సీటీ తీయించు. మధ్యలో జ్వరం వస్తే జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి అలవాటుగా రాసేయొద్దు, ఈ జబ్బును ముదరబెడతాయి. పూటపూటకూ ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలదో ఆవిడ చేత లెక్కపెట్టించు. 20 దాటడం లేదంటే రాత్రి ఎంతైనా సరే ఐసీయూకు మార్చి, నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మేనత్త