ఇంజన్లు ఆపి ఎగిరిన మనిషి - బాబ్ హూవర్

విమాన ప్రదర్శనల్లో పల్టీలు కొట్టే పైలట్‌ని చూస్తే మనకు మొదట అనిపించేది "ఎంత తెగువ!" అని. తెగువ కావలసిందే. కాని తెగువ ఒక్కటే వున్నవాడు ఆ వృత్తిలో ఎక్కువకాలం బతకడు. దాని వెనక మనం ఇంటర్మీడియట్‌లో చదివి, పరీక్ష అవగానే మరిచిపోయే భౌతికశాస్త్రం వుంది. అమెరికన్ పైలట్ బాబ్ హూవర్ జీవితమే దీనికి నిదర్శనం.

జీవితం

హూవర్ 1922లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టాడు. కిరాణా కొట్టులో పనిచేసిన డబ్బుతో విమానం నడపడం నేర్చుకున్నాడు. చిత్రమేమిటంటే, మొదట్లో విమానం ఎక్కితే చాలు ఆయనకు కడుపులో తిప్పేది. అది పోగొట్టుకోవడానికే గాలిలో విన్యాసాలు చేసి అలవాటు పడ్డాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ నడిపాడు. 1944 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సు తీరం దగ్గర జర్మన్లు ఆయన విమానాన్ని కూల్చారు. ఏడాదికి పైగా ఖైదీగా వుండి, యుద్ధం చివరి రోజుల్లో తప్పించుకుని, ఒక జర్మన్ ఫోకెవుల్ఫ్ విమానాన్నే ఎత్తుకుని హాలెండ్ చేరాడు. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ ధ్వని వేగాన్ని దాటినప్పుడు, వెంట వుండి గమనించే విమానం నడిపినవారిలో హూవర్ ఒకడు.

కాని జనానికి ఆయన గుర్తుండిపోయింది ష్రైక్ కమాండర్ వల్ల. అది రెండు పెట్రోలు ఇంజన్ల విమానం. వ్యాపారస్తులు పనుల మీద తిరగడానికి కొనుక్కునేది. పల్టీల కోసం పుట్టింది కాదు.

గ్లాసులో టీ

విమానం పూర్తిగా తలకిందులై తిరుగుతుండగా హూవర్ ఒక చేత్తో కూజాలోని ఐస్ టీని గ్లాసులోకి పోసేవాడు. చుక్క కూడా ఒలికేది కాదు. ఇది గారడీ కాదు. మామూలుగా ఎగిరేటప్పుడు రెక్కల బలం పైకి వుండి, బరువును సరిగ్గా తూచి నిలుపుతుంది. తలకిందులైనప్పుడు అదే బలం నేల వైపు తిరుగుతుంది. గురుత్వాకర్షణ ఒక 'జి', రెక్కల బలం మరొక 'జి'. రెండూ కలిసి విమానం నేల వైపు రెండు 'జి'ల త్వరణంతో వస్తుంది. కూజాలోంచి వదిలిన టీకి మాత్రం ఒక్క 'జి'యే. అంటే టీ గ్లాసులో పడటం కాదు, గ్లాసే వచ్చి టీని పట్టుకుంటుంది! విమానం ముక్కు ముందుగా పైకెత్తి మొదలుపెడతాడు కనుక ఈ లోపల నేలకు తగలడు.

ఇంజన్లు లేని విమానం

ఆయన అసలు విద్య ఇది. రెండు ఇంజన్లూ ఆపేసి, కిందికి దూకి, ఆ వేగంతోనే ఒక లూప్ కొట్టి, తర్వాత ఎనిమిది చోట్ల ఆగి ఆగి తిరిగే రోల్ చేసి, రన్‌వే మీద దిగి, ఇంజన్ వేయకుండానే ప్రేక్షకుల ముందుకు దొర్లుకుంటూ వచ్చి ఆగేవాడు.

చెరువుకట్ట మీద నుంచి తొక్కకుండా సైకిల్ వదిలితే, దిగిన వూపుతో ఎదుటి గట్టు కొంత ఎక్కుతుంది. సూత్రం అదే. ఎత్తు అంటే స్థితిజ శక్తి, వేగం అంటే గతిజ శక్తి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే. వేగం సెకనుకు 100 మీటర్లు వుంటే, వేగం వర్గాన్ని 2జితో భాగిస్తే సుమారు 510 మీటర్ల ఎత్తు వస్తుంది. విమానం బరువు లెక్కలోంచి కొట్టుకుపోతుంది. అయితే మార్కెట్ యార్డులో ధాన్యానికి తీసినట్టు, ప్రతి మలుపులోనూ గాలి రాపిడి కొంత తరుగు తీస్తుంది. తరుగు పోగా చేతిలో ఎంత మిగిలిందో క్షణక్షణం తెలిసివుండటమే హూవర్ గొప్పతనం.

కుర్రవాడి పొరపాటు

ఒకసారి ఒక పని కుర్రవాడు ష్రైక్‌ను జెట్ ఇంజన్ల విమానమనుకుని, పెట్రోలుకు బదులు జెట్ ఇంధనం పోశాడు. పైకి లేచిన కాసేపటికే రెండు ఇంజన్లూ చచ్చిపోయాయి. హూవర్ మిగిలిన కాస్త వేగాన్నీ పొదుపుగా వాడి ఒక లోయలో దించాడు. విమానం పాడైంది కాని ఆయనా, తోటి ప్రయాణికులిద్దరూ బతికారు. తిరిగి వచ్చి ఆ కుర్రవాడి భుజాల మీద చెయ్యి వేసి, మర్నాడు తన మరో విమానానికి ఇంధనం నువ్వే పొయ్యాలని చెప్పాడు. తర్వాత జెట్ ఇంధనం గొట్టానికి వెడల్పు మూతి, పెట్రోలు టాంకుకు సన్న మూతి పెట్టే పద్ధతి వచ్చింది. దాన్నే హూవర్ నాజిల్ అంటారు.

మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు ఒక రైతు మోటారు కాలిపోతే, ఆ పూట నీళ్లు కట్టినవాణ్ణి పనిలోంచి తీసేశారు. పాత స్టార్టరు అలాగే వుంది. రెండు నెలలకు మోటారు మళ్లీ కాలింది. మనిషిని మార్చారు గాని మూతి మార్చలేదు!

1993లో వయసు మీద పడిందన్న అనుమానంతో హూవర్ వైద్య సర్టిఫికెట్‌ను ప్రభుత్వం రద్దు చేసింది. ఆయన వూరుకోలేదు, పోరాడి 1995లో తిరిగి సాధించాడు. 2016 అక్టోబరు 25న, 94వ ఏట మంచం మీదే పోయాడు తప్ప విమానంలో కాదు. ఆయన ష్రైక్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో వుంది.

మిత్రులారా, రేపు మనలో కొందరం లాబుల్లోనో, ఫాక్టరీల్లోనో నలుగురి చేత పని చేయిస్తాం. ఎవడో ఒకడు తప్పు చేసి తీరతాడు. ఆ రోజు వాణ్ణి తిట్టే ముందు, గొట్టం మూతి ఎలా వుందో ఒకసారి చూద్దాం.